నడుం బిగించేదెవరు?

యీ శీర్షిక క్రింద నేను సాధారణంగా మాటల పుట్టుపూర్వోత్తరాలు వ్రాస్తూ వుంటాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నా దగ్గర వున్న సరుకు అదొక్కటే. యీ వారం మాత్రం వైద్యుల పెరట్లోకి తొంగిచూడవలసి వచ్చింది. నేను కోరి వెళ్లలేదు. మా అప్ప నడుమునొప్పి నన్ను అక్కడికి లాక్కుపోయింది.

మా అప్ప శ్రీముఖలింగంలో వుంటుంది. అప్ప అంటే అక్కగారు. మా వైపు చాలా యిళ్లల్లో అట్లాగే పిలుచుకుంటాం. వంశధార యెడమ గట్టు మీద, ముఖలింగేశ్వరుడి గుడికి కూతవేటు దూరంలో వాళ్ల యిల్లు. పొలం, పశువులు, మనుమడు, వచ్చేపోయే చుట్టాలు. శివరాత్రి వచ్చిందంటే ఆ చుట్టాలకు లెక్కేలేదు. యాభై దాటిన యీ మనిషి మూడేళ్లుగా నడుమునొప్పితో బాధపడుతోంది. "బాధపడుతోంది" అని యివాళ వ్రాస్తున్నాను గాని, ఆ మూడేళ్లూ మేమెవరం ఆ మాట పూర్తిగా నమ్మలేదు.

వంగితే నొప్పి. బిందె యెత్తితే నొప్పి. యేమీ యెత్తకుండా కూచున్నా నొప్పి. ఎక్స్‌రే తీయిస్తే వయస్సుకు తగిన అరుగుదల తప్ప మరేమీ లేదన్నారు. ఎమ్మారై తీయిస్తే అందులోనూ భయపడవలసింది లేదన్నారు. ఆ మాటతో మా బావకు ధైర్యం వచ్చింది; దాని వెనకాలే అనుమానం కూడా వచ్చింది. "ఫొటోలో లేని నొప్పి ఒంట్లో యెట్లా వుంటుందయ్యా?" అన్నాడాయన నాతో. నేనూ తక్కువ తినలేదు. "వయసు మీద పడుతోంది గదా అప్పా!" అన్నాను, పెద్దమనిషి తరహాగా. ఆవిడ నా వంక చూసి, "నీ నడుం నీకు బాగానే వుంది గదరా" అని వూరుకుంది.

తరువాత కొన్నాళ్లకు ఆవిడ మనుమణ్ణి యెత్తుకోవడం మానేసింది. రెండేళ్ల పిల్లవాడు చేతులు చాచి మీదికి వస్తే, గబుక్కున చాప మీద చతికిలబడి, "రా నాయనా, ఒళ్లోకి రా" అనేది. పిల్లవాడికి అది తేడాగా తోచలేదు. చూస్తున్న నాకు మాత్రం మనస్సు చివుక్కుమన్నది.

మా జిల్లాలో నడుమునొప్పికి తోడుగా మరొక భయం కూడా వుంటుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపున వున్న ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు యెన్ని కుటుంబాలను కూల్చిందో పత్రికలు చదివేవారికి తెలుసు. దాని మూలకారణం యింతవరకూ ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వెలిశాయి. ముఖలింగం ఉద్దానం కాదు. అయినా భయానికి మండలాల సరిహద్దులు యేం తెలుస్తాయి? "నడుము నొప్పి అంటే కిడ్నీ కాదు గదా?" అని పక్కింటావిడ అన్న ఒక్క మాటకు మా అప్ప వారం రోజులు నిద్రపోలేదు. నిజానికి మూత్రపిండాల జబ్బు తరచు నొప్పి లేకుండానే ముదురుతుంది. దాని సంగతి నడుము కంటె రక్తపరీక్ష, మూత్రపరీక్ష బాగా చెప్తాయి. ఆ పరీక్షలు బాగానే వున్నాయి. అయినా ఆవిడ మనశ్శాంతి కోసం శ్రీకాకుళంలో అల్ట్రాసౌండు కూడా తీయించాలని తీర్మానించాం.

ఇక్కడ నా పాత శిష్యురాలు ఒకామె కథలోకి వస్తుంది. ఆమె యింటరు చదివే రోజుల్లో నా తరగతిలో కూచునేది. ఇప్పుడు ఫిజియోథెరపిస్టు. అప్పను ఆమెకు చూపించమని యెవరో సలహా చెబితే వెళ్లాం. నన్ను చూడగానే లేచి నిలబడి, "మేష్టారూ, నన్ను గుర్తుపట్టారా? మహాప్రాణాల రోజున నన్ను కూచోమన్నారు" అన్నది.

గుర్తు రాకేం? ఆ రోజున నేను అక్షరాల ఉచ్చారణ చెపుతున్నాను. అరచెయ్యి నోటి దగ్గర పెట్టుకుని 'క' అనండి, తరువాత 'ఖ' అనండి. రెండో దానికి చెయ్యికి గాలి తగులుతుంది. అందుకే 'క' అల్పప్రాణం, 'ఖ' మహాప్రాణం. తరగతి తరగతంతా చేతిలోకి వూదుతున్న సమయంలో యీ అమ్మాయి లేచి, "ఆ గాలిని లోపల కూర్చి పెట్టేది యెవరు మేష్టారూ?" అని అడిగింది. నాకు తెలియదు. తెలియదని చెప్పే ధైర్యమూ లేదు. "అది పరీక్షలో రాదు, కూచో" అన్నాను.

ఆ ప్రశ్నకు జవాబు యిన్నేళ్ల తరువాత ఆమే నాకు చెప్పింది. మన రొమ్ముకూ పొట్టకూ మధ్య గొడుగులాగా పరుచుకుని ఒక కండరం వుంది. డాక్టర్లు డయాఫ్రమ్ అంటారు. బడి పుస్తకాల్లో దాని పేరు ఉదరవితానం. వితానం అంటే మేల్కట్టు, చాందినీ. పొట్టకు చాందినీ అన్నమాట. యీ పేరు పెట్టిన పండితుడెవరో గాని, ఆయన చేతికి కడియం తొడగవలసిందే! ఊపిరి పీల్చినప్పుడు యీ చాందినీ క్రిందికి దిగుతుంది. పైన చోటు యేర్పడి వూపిరితిత్తుల్లోకి గాలి వస్తుంది. వదిలినప్పుడు అది సడలి పైకి పోతుంది. మామూలు శ్వాసలో దాని ప్రయాణం ఒకటి రెండు సెంటీమీటర్లు. గట్టిగా పీలిస్తే దానికి కొన్ని రెట్లు. రోజుకు 21,600 శ్వాసలని మన పెద్దలు చెప్పిన లెక్క వుంది గదా! నిమిషానికి 15 చొప్పున గుణించి చూడండి. అణా పైసలతో సరిపోతుంది. అన్నిసార్లు దిగి యెక్కే పనివాడు మన ఒంట్లో వున్నాడని యెవరం తలుచుకోము.

"అది సరే తల్లీ, వూపిరికీ నడుముకూ సంబంధం యేమిటి?" అన్నాను.

"ఆ చాందినీ తాళ్లు యెక్కడ కట్టి వున్నాయో తెలుసునా మేష్టారూ? నడుము దగ్గర వెన్నుపూసలకే" అన్నది.

చూడగా, యీ కండరానికి వెనకవైపున రెండు పాదాల వంటివి వున్నాయి. కుడిపాదం నడుములోని మొదటి మూడు వెన్నుపూసలకు, యెడమపాదం మొదటి రెంటికి అతుక్కుని వుంటాయి. అంటే నడుమే దానికి గుంజ. అంతేకాదు. ధాన్యం బస్తాను తలుచుకోండి. నిండా పోసి మూతి బిగించి కుట్టిన బస్తా నిటారుగా నిలబడుతుంది. మూతి వదులైన బస్తా పక్కకు వాలిపోతుంది. మన పొట్ట అటువంటి బస్తా. చుట్టూ పొట్ట కండరాలు, అడుగున కటి కండరాలు, పైన మూతిగా యీ ఉదరవితానం. మూడూ కలిసి బిగిస్తే లోపలి ఒత్తిడి పెరిగి వెన్నుకు ఆసరా దొరుకుతుంది.

1997లో ఆస్ట్రేలియాలో పాల్ హాడ్జెస్, సైమన్ గాండీవియా మొదలైనవారు ఒక చిత్రమైన ప్రయోగం చేశారు. నిలబడ్డ మనిషిని, సంజ్ఞ యివ్వగానే చెయ్యి చటుక్కున పైకెత్తమన్నారు. కండరాల్లో పుట్టే విద్యుత్తును కొలిచారు. చెయ్యి యెత్తే భుజం కండరం కంటె ముందే, సెకనులో సుమారు 50వ వంతు ముందుగా, ఉదరవితానం బిగుసుకున్నది! ఆ మనిషి అప్పుడు వూపిరి పీలుస్తున్నాడా వదులుతున్నాడా అన్నదానితో నిమిత్తం లేదు. చెయ్యి కదిలితే ఒళ్లు తూలుతుంది గనుక, లోపలి పనివాడు ముందుగానే సర్దుకుని నిలబడుతున్నాడన్నమాట.

యిది వినగానే నాలోని తెలుగు మేష్టారు కుర్చీలో నిటారుగా కూచున్నాడు. పనికి సిద్ధపడటాన్ని మనవాళ్లు "నడుం బిగించడం" అన్నారు. చేతులు బిగించడం అనలేదు, కాళ్లు బిగించడం అనలేదు. పైపంచె నడుముకు చుట్టుకోవడం చూసి పుట్టిన మాట అది. నేను తరగతిలో అట్లాగే చెపుతాను. కాని పంచె కట్టుకున్నా కట్టుకోకపోయినా, చెయ్యెత్తిన ప్రతిసారీ లోపల నడుం బిగిస్తున్నవాడు మరొకడు వున్నాడని నాకు యిన్నాళ్లూ తెలియలేదు.

చిక్కు యెక్కడ వస్తుందంటే, యీ పనివాడికి యజమానులు ఇద్దరు. ఒకరు శ్వాస, రెండోవారు నడుము. ఇద్దరూ ఒకేసారి పిలిస్తే శ్వాసే గెలుస్తుంది. ఆయాసం పెరిగినప్పుడు ఉదరవితానం నడుముకు చేసే సాయం తగ్గుతుందని 2001లో ఆ ఆస్ట్రేలియావారే చూపారు. అటు నడుమునొప్పి వున్నవారిలో దీనికి విపరీతం కూడా కనబడుతుంది: నడుమును కాపాడే కంగారులో మనిషి వూపిరే బిగబట్టేస్తాడు. మీ యింట్లో నడుమునొప్పివారు యెవరైనా వుంటే, వారు కుర్చీలోంచి లేచేటప్పుడు జాగ్రత్తగా గమనించండి.

ఇక స్కానింగు గదిలోకి వద్దాం. గుమ్మం మీదే బోర్డు వున్నది, "ఇక్కడ లింగనిర్ధారణ పరీక్షలు చేయబడవు" అని. మా అప్ప అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "మా వూళ్లో స్వామి లింగమని నిర్ధారణ అయి వెయ్యేళ్లయింది. వీళ్లు సెయ్యకపోతే మనకేటి?" అన్నది. నొప్పిలోనూ ఆవిడ హాస్యం చావలేదు. ఆ బోర్డుకు మాత్రం కన్నీటి చరిత్ర వుంది. కడుపులో వున్నది ఆడపిల్ల అని తెలుసుకుని పుట్టనివ్వకుండా చేసే ఘోరం ఆపడానికి 1994లో చట్టం చేశారు. ప్రతి అల్ట్రాసౌండు యంత్రమూ నమోదు కావాలి. అర్హత గల డాక్టరే దానిని పట్టాలి. కొన్ని విదేశాల్లో ఫిజియోథెరపిస్టులే యీ యంత్రంతో కండరాలను చూస్తున్నారు. మన దగ్గర అది డాక్టరు చేతి మీదుగానే జరగాలి. నా శిష్యురాలు అందుకే ముందుగా ఆ డాక్టరమ్మగారితో మాట్లాడి వుంచింది.

మూత్రపిండాలు చూడటం పది నిమిషాల్లో అయిపోయింది. "బంగారంలా వున్నాయి" అన్నారు డాక్టరమ్మగారు. అప్ప కళ్లు మూసుకుని స్వామికి దణ్ణం పెట్టుకున్నది. అప్పుడు శిష్యురాలు, "మేడమ్, కొంచెం పైకి..." అన్నది. ప్రోబు కుడివైపు పక్కటెముకల అంచు క్రిందికి జరిగింది.

యీ యంత్రం చేసే పని గుడిలో మనం చేసే పనే. ఖాళీ మండపంలో చప్పట్లు కొడితే ప్రతిధ్వని వస్తుంది గదా! చెవికి వినబడని ధ్వనిని, సెకనుకు లక్షల కంపనాలు గలదానిని, ఒంట్లోకి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీస్తుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జలాంతర్గాములను పట్టడానికి ఫ్రాన్సులో లాంజెవిన్ సాధన చేసిన విద్య యిది. 1958లో గ్లాస్గో డాక్టరు అయాన్ డొనాల్డు, ఆయన సహచరులు దీనితో కడుపులోని గడ్డలను, గర్భస్థ శిశువులను చూపారు. యీ ధ్వనిలో ఎక్స్‌రే కిరణాల వంటి ప్రమాదం లేదు. పైగా కదిలే వస్తువును కదులుతూ వుండగానే చూపిస్తుంది.

తెర మీద కాలేయం బూడిదరంగు మేఘంలా వుంది. దాని పై అంచున తెల్లగా మెరుస్తూ ఒక వంపుగీత. "అదే మేష్టారూ, చాందినీ" అన్నది శిష్యురాలు. అప్ప వూపిరి పీల్చింది. గీత క్రిందికి దిగింది. వదిలింది, గీత పైకి పోయింది. వంశధారలో రేవుకు కట్టిన పడవ నీటి మీద లేచి దిగుతున్నట్టు వున్నది. అప్ప మెడ తిప్పి తన శ్వాసను తాను చూసుకున్నది. "అదేటి? అదంతా నేనేనా?" అన్నది, చిన్నపిల్లలా.

"అమ్మా, యిప్పుడు కుడికాలు మోకాలు మడవకుండా జానెడు పైకెత్తండి."

అప్ప కాలు లేపింది. తెర మీద గీత నిలిచిపోయింది. పడవ రేవులో గడ్డకట్టినట్టయింది.

"ఊపిరి ఆపేశారమ్మా!"

"నేను ఆపలేదమ్మా. అదే ఆగిపోనాది."

గదిలో యెవరం మాట్లాడలేదు. రెండోసారి, మూడోసారి కూడా అంతే. తరువాత ఆ అమ్మాయి రెండు చేతులతో అప్ప తుంటియెముకలను రెండు పక్కలనుంచీ లోపలికి నొక్కిపట్టి, మళ్లీ కాలు లేపమన్నది. యీసారి కాలు తేలికగా లేచింది. గీత కూడా, కొంచెం బెరుకుగానైనా, దిగి యెక్కింది. అప్ప ఆశ్చర్యంగా, "బరువు తగ్గిపోనాదేటి!" అన్నది.

యిది ఆ అమ్మాయి సొంత కల్పన కాదు. 2002లో ఆస్ట్రేలియాలో పీటర్ ఓసల్లివన్ బృందం సరిగ్గా యిటువంటి పరీక్షే చేసింది. నడుము క్రింద, త్రికం దగ్గర కీలునొప్పి వున్నవారు 13 మంది, లేనివారు 13 మంది. కాలు లేపుతూ వుండగా అల్ట్రాసౌండుతో చూశారు. నొప్పి వున్నవారిలో ఉదరవితానం కదలిక తగ్గింది, అడుగున కటి కండరాలు క్రిందికి జారాయి. తుంటిని రెండు వైపులా నొక్కిపట్టగానే ఆ తేడాలు పోయాయి. 2012లో ప్రాగ్ నగరంలో పావెల్ కోలార్ బృందం ఎమ్మారైతో తీసిన కదిలే చిత్రాల్లో కూడా, దీర్ఘకాలపు నడుమునొప్పివారి ఉదరవితానం చేతులకూ కాళ్లకూ పని పెట్టినప్పుడు తక్కువగా కదిలింది.

కదలికతో బాటు మందం కూడా కొలుస్తారు. పక్కటెముకల మధ్య, చంక క్రింది వైపున, సెకనుకు కోటి కంపనాల ధ్వనితో చూస్తే రెండు తెల్లగీతల నడుమ నల్లని పట్టీలా యీ కండరం కనబడుతుంది. ఊపిరి వదిలినప్పుడు సుమారు 2 మిల్లీమీటర్లు. పీల్చినప్పుడు బిగుసుకుని మందమవుతుంది. 2 మిల్లీమీటర్లది 2.6 అయితే నూటికి ముప్ఫై వంతులు పెరిగినట్టు. కండరం పని చేస్తున్నదా సోమరిపోయిందా అన్నదానికి అదొక కొలబద్ద.

మా వూరి పక్కనే పర్వతాలపేటలో 1863లో గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టారు. పుస్తకంలో నిలిచిపోయిన భాష వేరు, నోట్లో కదిలే భాష వేరని జీవితమంతా వాదించిన మనిషి. సవరల మాట నేర్చుకోవడానికి సవరల మధ్యకే వెళ్లి విన్నారు. ఆ రోజు తెర ముందు నిలబడి నేననుకున్నాను: కదలకుండా పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే, ఎమ్మారై నిఘంటువుల వంటివి. వెన్నుపూసల పేర్లన్నీ అక్కరకు వచ్చేటట్టు చెప్తాయి. మనిషి కాలు లేపితే, బిందె యెత్తితే లోపల యేమవుతున్నదో తెలియాలంటే, కదులుతూ వుండగా వినిపించుకోవాలి. మూడేళ్లపాటు మేము నిఘంటువు చూసి మా అప్ప మాట తప్పన్నాం.

ఇంతవరకు చదివి, "మా ఆవిణ్ణి కూడా రేపే స్కానింగుకు తీసుకుపోతాను" అని లేచేవారు వుంటారు. దయచేసి కూచోండి. డాక్టరమ్మగారు ఆ రోజే మాకు స్పష్టంగా చెప్పారు. యిది నడుమునొప్పికి అందరికీ చేసే పరీక్ష కాదు. కుడివైపు కాలేయం కిటికీలా వుంటుంది గనుక బాగా కనబడుతుంది. యెడమవైపు పొట్టలో గాలి అడ్డం వచ్చి సరిగా అందదు. పట్టే చెయ్యి మారితే కొలత మారుతుంది. పడుకుంటే ఒక లెక్క, నిలబడితే ఒక లెక్క. జరిగిన పరిశోధనలు చాలావరకు పదుల మంది మీద చేసినవి. అన్నింటికంటె పెద్ద ప్రశ్న: శ్వాస చెడి నడుం నొప్పి వచ్చిందా, నడుం నొప్పి వల్ల శ్వాస చెడిందా? తెర మీది గీత ఆ సంగతి చెప్పదు. మా అప్ప రిపోర్టులో కూడా "మూత్రపిండాలు సవ్యంగా వున్నవి" అన్నదే వ్రాశారు.

మరొక పొరపాటు కూడా తొలగించాలి. ఫిజియోథెరపీ గదుల్లో నడుము మీద అల్ట్రాసౌండు "పెట్టడం" అని ఒకటి వుంది. అది చికిత్స కోసం వాడేది. నేను చెప్పిన చూసే అల్ట్రాసౌండు వేరు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుమునొప్పి మీద సలహాలు ప్రకటించింది. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుమునొప్పి వున్నదని లెక్క చెప్పింది. వ్యాయామం, నొప్పి గురించి తెలియజెప్పడం మంచివన్నది. మామూలుగా వాడవద్దన్నవాటిలో యీ చికిత్స అల్ట్రాసౌండు, నడుమును లాగి వుంచే ట్రాక్షను, నడుం బెల్టులు వున్నాయి. మా బావ కొన్న బెల్టు రెండేళ్లుగా మా అప్ప నడుము మీద వుంది. యిప్పుడు అటక మీద వుంది.

మూత్రం, విరేచనం అదుపు తప్పినా, కూచునే భాగంలో తిమ్మిరి పట్టినా, కాలు బలం తగ్గినా, జ్వరంతోనో, కారణం లేకుండా బరువు తగ్గడంతోనో, పడిన తరువాతనో నొప్పి వచ్చినా, శ్వాసల లెక్క పెట్టుకుంటూ కూచోకూడదు. వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

మరి మా అప్పకు తెర వల్ల యేం ఒరిగింది? రెండు. మొదటిది, యేం నేర్చుకోవాలో కంటితో చూసింది. శిష్యురాలు చెప్పిన అభ్యాసం చాలా చిన్నది. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని, పొట్ట మీద ఒక పుస్తకం పెట్టుకుని, పీల్చేటప్పుడు అది లేచేటట్టు, క్రింది పక్కటెముకలు పక్కలకు విచ్చుకునేటట్టు శ్వాసించాలి. పుస్తకం కోసం వెదికితే బావ నా శబ్దరత్నాకరం తెచ్చి పెట్టాడు. "యింత విద్య నా మీద యెప్పుడూ పడలేదురా" అన్నది అప్ప. కొన్నాళ్లకు ఆ బరువు దించి తేలికపాటి పుస్తకం పెట్టాం. తరువాత శ్వాస ఆగకుండా కాలు లేపడం. తరువాత నిలబడి అదే పని. బిందె యెత్తేటప్పుడు వూపిరి వదులుతూ యెత్తడం. దానితోబాటు నడుముకూ తొడలకూ బలమిచ్చే వ్యాయామం, రోజూ సాయంత్రం యేటి దాకా నడక. వూపిరి పీల్చే కండరాలకు సాధన చేయిస్తే నొప్పి తగ్గుతుందన్న మాటకు కొంత ఆధారం వుంది. 2015లో బెల్జియంలోని లువెన్ పరిశోధకులు, పదే పదే నడుమునొప్పి వచ్చేవారికి 8 వారాలు గట్టి నిరోధం మీద వూపిరి పీల్పించి, నొప్పి తగ్గడం చూశారు.

నాలుగు నెలలయింది. నొప్పి పోయిందా అంటే, పోలేదు. "పదికి యేడు" అనే మనిషి యిప్పుడు "మూడో, నాలుగో" అంటోంది. అందులో శ్వాస వంతెంత, నడక వంతెంత, కిడ్నీ భయం తీరడం వంతెంత అని నన్నడిగితే నేను చెప్పలేను. ఒక్క మనిషి కథ వల్ల అది తేలదు.

రెండో లాభం నేను చెప్పగలను. ఆ రోజు స్కానింగు గదిలోంచి బయటికి వచ్చాక మా బావ, అప్ప చేతిలోని సంచీ తాను తీసుకున్నాడు. మూడేళ్లలో మొదటిసారి. "అది దానంతట అదే ఆగిపోవడం నేను చూశానయ్యా" అన్నాడు నాతో, బస్సు కోసం నిలబడినప్పుడు. అప్ప వినలేదనుకున్నాడు కాబోలు. ఆవిడ విన్నది. కొంగుతో కళ్లు తుడుచుకుని, బస్సు వస్తున్నది అన్నది.

అయితే నాకొక సంగతి గుచ్చుతూనే వుంది. ఆ గీత తెర మీద ఆగకపోయి వుంటే? ఆవిడ నొప్పి అప్పుడూ అంతే వుండేది గదా! నమ్మడానికి మాకు యంత్రం కావలసి వచ్చింది. తోబుట్టువు మాట చాలలేదు. ప్రతి యింట్లోనూ వంటగదిలో వూపిరి బిగబట్టి గంగాళాలు దించుతున్నవారు వుంటారు. వారికి యంత్రం అక్కర్లేదు. యింట్లోవారు ఒకసారి, "యెక్కడ నొప్పి? యెప్పుడు వస్తుంది?" అని అడిగి, జవాబు పూర్తయ్యే దాకా వింటే చాలు.

శివరాత్రి వెళ్లిన తరువాత చక్రతీర్థం రోజున ముఖలింగం వెళ్లాను. యేట్లో యిసుక వేస్తే రాలని జనం. ఒరిస్సా వైపునుంచి కూడా బళ్లూ బస్సులూ వచ్చాయి. జనాన్ని చూసి మనుమడు బెదిరి చేతులు చాచాడు. అప్ప కాళ్లు కొంచెం యెడంగా పెట్టి, మోకాళ్లు వంచి, "ఉఁ" అని వూపిరి వదులుతూ వాణ్ణి చంకనెత్తుకున్నది. బావ చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగిపోయాడు.

కాలేజీ తెరిచాక మళ్లీ మహాప్రాణాల పాఠం వచ్చింది. పిల్లలు చేతుల్లోకి వూదుకున్నారు. యీసారి యెవరూ లేచి ప్రశ్న అడగలేదు. నేనే ఆగి, "ఆ గాలిని లోపల కూర్చి పెట్టేది యెవరో తెలుసునా?" అన్నాను. వెనక బెంచీ కుర్రవాడు, "పరీక్షలో వస్తుందా సార్?" అన్నాడు.

"రాదు" అన్నాను. "అయినా చెప్తాను, కూచో."